"టికెట్ సాల్వ్ చేశాను" అని రాస్తే మేనేజర్ ఎర్రగీత ఎందుకు గీశారు?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. విశాఖలో రుషికొండ మీద ఒక కంపెనీలో నైట్ షిఫ్ట్ సపోర్ట్ ఉద్యోగం మీది. క్లయింటు వాళ్ల పేమెంట్ పేజీ తెరుచుకోవడం లేదని టికెట్, అంటే ఫిర్యాదు, వచ్చింది. మీరు సర్వర్ రీస్టార్ట్ చేశారు, పేజీ పనిచేసింది. వెంటనే మెయిల్ రాశారు: "ఐ సాల్వ్‌డ్ యువర్ టికెట్. నౌ ది ప్రాబ్లమ్ సాల్వ్‌డ్. ఇఫ్ ఎనీ డౌట్స్, ఐ విల్ సాల్వ్." మీ మేనేజర్ మూడు వాక్యాల కిందా ఎర్రగీత గీసి, వెర్బులు సరిచూసుకో అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. డిక్షనరీ చూస్తే సాల్వ్ అంటే పరిష్కరించు అనే ఉంది కదా, మరి తప్పెక్కడ అన్నది మీ ప్రశ్న.

డిక్షనరీ తప్పు చెప్పలేదు. కాకపోతే సాల్వ్‌కి ఇచ్చిన "పరిష్కరించు"నే రిజాల్వ్‌కీ ఇస్తుంది, సెటిల్‌కీ ఇస్తుంది, ఒక్కోసారి ఫిక్స్‌కీ ఇస్తుంది. కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు ఒకే డబ్బాలో పోసి పైన "పప్పు" అని చీటీ అంటించినట్టు. ఆకలి తీరడానికి ఏదైనా ఒకటే గానీ ఇడ్లీకి నానబెట్టేటప్పుడు తేడా తెలియాలి.

నేను ఇంగ్లీషు మాస్టారిని కాను. గాజువాక అవతల ఒక పెద్ద కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత నుంచీ ద్వారకానగర్‌లో ఒక చిన్న గదిలో, ఇంటర్వ్యూలకి వెళ్లే పిల్లలకి సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ సాల్వ్ అనే మాట గురించి నాకు మొదటి పాఠం చెప్పింది గ్రామర్ పుస్తకం కాదు, షిఫ్టులో చేసిన పని రాసే లాగ్ బుక్.

ఉద్యోగంలో చేరిన కొత్త. నైట్ షిఫ్ట్‌లో ఉండగా కన్వేయర్ బెల్ట్ ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే మోటార్ ఓవర్‌లోడ్ రిలే (మోటార్ ఎక్కువ కరెంట్ లాగితే దాన్ని ఆపేసే కాపలా పరికరం) ట్రిప్ అయి ఉంది. కాసేపు చల్లారనిచ్చి, రీసెట్ నొక్కి, స్టార్ట్ చేశాను. బెల్ట్ తిరిగింది. లాగ్ బుక్‌లో దర్జాగా "ప్రాబ్లమ్ సాల్వ్‌డ్" అని రాసి, సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్లాను. గంటన్నరకి మళ్లీ ట్రిప్. మళ్లీ రీసెట్, మళ్లీ "ప్రాబ్లమ్ సాల్వ్‌డ్". తెల్లవారుజామున మూడోసారి. మూడోసారి కూడా అదే రాశాను, చేతిరాత మాత్రం కాస్త వంకరపోయింది.

పొద్దున్న షిఫ్టుకి మా చార్జ్‌మన్, అంటే మా పైన సూపర్‌వైజర్, వచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి. ఐటీఐ చదువు. ఇంగ్లీషులో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి ఆ పేజీ చదివి, "ఏటి బాబూ, ఒక్క రేత్రిలో ఒకే ప్రాబ్లమ్ మూడుసార్లు సాల్వ్ చేసీసినావు? సాల్వ్ అయిపోయిందయితే మళ్లీ ఎలగొచ్చింది?" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. ఆయన నన్ను వెంటబెట్టుకుని బెల్ట్ తోక చివరికి తీసుకెళ్లారు. టెయిల్ పుల్లీ కింద రాలిన పొడి గుట్టగా పేరుకుపోయి ఉంది. బేరింగ్‌లోకి దుమ్ము పోయి సగం పట్టేసింది. పుల్లీ బరువుగా తిరగడంతో మోటార్ ఎక్కువ కరెంట్ లాగుతోంది, రిలే తన డ్యూటీ తను చేస్తోంది. రాత్రంతా నేను నోరు మూయించింది కాపలావాడిని, దొంగని కాదు. పొడి తీయించి బేరింగ్ మార్పించాక, నేను రాసిన మూడు ఎంట్రీలు కొట్టేయించి "ట్రిప్డ్ ఆన్ ఓవర్‌లోడ్, రీసెట్, అండర్ అబ్జర్వేషన్" అని రాయించారు. కారణం దొరికిన నాలుగో ఎంట్రీ ఆయనే రాశారు. తీరా చూస్తే అందులో కూడా సాల్వ్‌డ్ అని లేదు. "బేరింగ్ రీప్లేస్డ్, ఫాల్ట్ రెక్టిఫైడ్" అని ఉంది.

మెయింటెనెన్స్ వాళ్ల లాగ్ బుక్కులు ఎక్కడ చూసినా ఇంతే. అటెండెడ్, రీసెట్, రెక్టిఫైడ్, రీప్లేస్డ్, రిస్టోర్డ్. సాల్వ్‌డ్ అన్నమాట అరుదు. ఎందుకంటే ఆ మాటల్లో ప్రతి ఒక్కటీ చేత్తో చేసిన పనిని చెబుతుంది. సాల్వ్ చెప్పేది బుర్రతో తేల్చిన సంగతిని.

మీ మెయిల్‌కి కావలసిన తేడా ఇదే. ఎక్కడో దాగి ఉన్న జవాబు ఉండాలి, దాన్ని మీరు ఆలోచించి బయటికి లాగాలి, అప్పుడది సాల్వ్. పజిల్, పొడుపుకథ, సమీకరణం, హత్య కేసు, రూబిక్స్ క్యూబ్, గళ్ల నుడికట్టు, అన్నిట్లోనూ తెలియనిదేదో తెలియాలి. ఇబ్బంది తొలగిపోవడమే ముఖ్యమై, జవాబు దొరికిందా లేదా అన్నది రెండో సంగతి అయితే రిజాల్వ్. కంప్లైంట్, గొడవ, వివాదం, మీ టికెట్, ఇవన్నీ అటువైపు. పాడైన వస్తువు ఎదురుగా ఉండి దాన్ని బాగుచేస్తే ఫిక్స్. బగ్‌ని ఫిక్స్ చేస్తారు, కుళాయిని ఫిక్స్ చేస్తారు. (మన దగ్గర ఫిక్స్ అంటే ముందు గుర్తొచ్చేది పెళ్లి. "మా అమ్మాయి మ్యారేజ్ ఫిక్స్ అయిపోయింది" అని అమెరికా వాళ్లతో అనకండి, అప్పటిదాకా ఆ సంసారం పాడైపోయి ఉందేమో అనుకునే ప్రమాదం ఉంది.)

మీ ఐటీ వాళ్లకి ఈ తేడా ఎవరో సరదాకి పెట్టింది కాదు. చాలా సర్వీస్ డెస్కులు అనుసరించే ఐటిల్ (ITIL) పద్ధతి 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ ఒకటి తయారుచేసింది. అందులో ఇన్సిడెంట్ వేరు, ప్రాబ్లమ్ వేరు. పేమెంట్ పేజీ తెరుచుకోకపోవడం ఇన్సిడెంట్. అది తెరుచుకోకపోవడానికి వెనకున్న కారణం ప్రాబ్లమ్. సేవ తిరిగి అందితే ఇన్సిడెంట్ రిజాల్వ్ అయినట్టే, కారణం తెలియకపోయినా సరే. ఆ తర్వాత కస్టమర్ సరేనంటేనో, గడువు దాటితేనో దాన్ని క్లోజ్ చేస్తారు. కారణం పూర్తిగా పోకుండా తాత్కాలికంగా పని నడిపించే ఉపాయాన్ని వర్కరౌండ్ అంటారు. మీరు చేసిన రీస్టార్ట్ అదే. మా చార్జ్‌మన్‌కి ఐటిల్ అంటే ఏమిటో తెలియదు గానీ, ఆ పద్ధతి చెప్పేదీ ఆయన చెప్పిందీ ఒకటే.

ఇంకో మాట, న్యాయంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. జెండెస్క్ లాంటి కొన్ని సాఫ్ట్‌వేర్లలో టికెట్ స్టేటస్ పేరే "సాల్వ్‌డ్" అని ఉంటుంది. ఆ తెర ముందు పనిచేసేవాళ్లు టికెట్ సాల్వ్ చేశాం అనే అంటారు, అది తప్పూ కాదు. మీ కంపెనీ టూల్‌లో బటన్ మీద ఏ మాట ఉందో చూడండి. రిజాల్వ్‌డ్ అని ఉంటే ఇక వాదన అనవసరం.

ఇక మాట పుట్టుక. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది, కొంచెం ఓపిక పట్టండి.

సాల్వ్ లాటిన్ మాట సోల్వెరే నుంచి వచ్చింది. దాని అసలు అర్థం వదులు చేయడం, విప్పడం. ఎప్పుడైనా పొద్దున్నే మన ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లి చూడండి. పడవ నుంచి దింపిన వల ముందేసుకుని జాలర్లు వరసగా కూర్చుని చిక్కు తీస్తుంటారు. బలంగా లాగరు. లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. ఏ పోగు దేని కిందనుంచి వెళ్లిందో చూసి, దాన్నొక్కదాన్నే వదులు చేస్తారు. సోల్వెరే అంటే సరిగ్గా అదే పని. మనం కూడా కష్టాన్ని చిక్కు అంటాం, చిక్కులో పడ్డాం అంటాం, చిక్కుముడి విప్పాం అంటాం. పొడుపుకథకి జవాబుని విడుపు అంటాం. లాటిన్ వాడూ తెలుగువాడూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే బొమ్మ గీసుకున్నారు.

విప్పడం నుంచి కరగడం ఎంతో దూరం కాదు. ఉప్పుగల్లు నీళ్లలో విడిపోతే డిజాల్వ్. అలా కరిగించే ద్రవం సాల్వెంట్. కరిగాక మిగిలేది సొల్యూషన్. కెమిస్ట్రీలో ద్రావణం, లెక్కల్లో సాధన, ఆఫీసులో పరిష్కారం, ఇంగ్లీషులో మూడింటికీ ఒకే మాట. నా చిన్నప్పుడు సైకిల్ షాపులో పంక్చర్ వేసే అతను ట్యూబుని ఆకురాయితో గీకి, చిన్న గొట్టంలోంచి జిగురు పిండి రాసేవాడు. దాన్ని సులోషన్ అనేవాడు. రబ్బరుని ద్రవంలో కరిగించింది కాబట్టి అది కెమిస్ట్రీ సొల్యూషనే, పంక్చర్ పోతుంది కాబట్టి ఆఫీసు సొల్యూషన్ కూడా. రెండర్థాలూ ఒకే గొట్టంలో.

సోల్వెరేకి ఇంకో అర్థం ఉంది, అప్పు కట్టేయడం. బాకీ ఉన్నవాడు ముడిపడి ఉన్నట్టు, కట్టేస్తే విడుదలైనట్టు. అందుకే అప్పులు కట్టగలిగేవాడు సాల్వెంట్, కట్టలేనివాడు ఇన్సాల్వెంట్. మన ఊళ్లలో ఎవరైనా దివాలా తీస్తే "ఐపీ పెట్టేశాడు" అంటాం కదా. ఆ ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో వేసే దరఖాస్తు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని చీటీల ఆవిడ నోట్లో కూడా ఈ సాల్వ్ ఇలా దూరి కూర్చుంది. కంపెనీల దివాలా వ్యవహారాలకి 2016లో వచ్చిన కొత్త చట్టం పేరులోనూ ఇన్సాల్వెన్సీ ఉంది.

ఇప్పుడు తెలుగు వైపు చూడండి. అప్పు తీర్చడం, దాహం తీర్చడం, తగువు తీర్చడం, కోరిక తీర్చడం, అన్నీ ఒకే మాట. తీర్పు, తీర్మానం, తీరిక కూడా ఆ ఇంటివే. ఇంగ్లీషులో కోర్టు వివాదాన్ని రిజాల్వ్ చేస్తుంది, సభ రిజల్యూషన్ పాస్ చేస్తుంది. తెలుగులో కోర్టు తీర్పు చెబుతుంది, సభ తీర్మానం చేస్తుంది. కాబట్టి రిజాల్వ్‌కి దగ్గరగా ఉన్న తెలుగు మాట పరిష్కరించు కాదు, తీర్చు అని నా అభిప్రాయం. సాల్వ్‌కి దగ్గరది విప్పు. పిల్లలకి నేను ఈ రెండు మాటలే చెబుతాను, విప్పావా, తీర్చావా అని. వాక్యంలో "చిక్కు విప్పాను" అని పెట్టి చూడండి. అతికితే సాల్వ్. "గొడవ తీర్చాను" అన్నది అతికితే రిజాల్వ్. నూటికి నూరుసార్లు పనిచేయదు గానీ పరిష్కరించు కన్నా మేలు.

అసలు ఆ పరిష్కరించు అన్న మాటకి సంస్కృతంలో మొదటి అర్థం అలంకరించడం, మెరుగుపెట్టడం. తాళపత్ర ప్రతులు పోల్చి, తప్పులు తీసి పుస్తకం అచ్చు వేసిన పండితుణ్ణి పరిష్కర్త అంటాం, ఆ పాత అర్థం అక్కడ ఇంకా బతికే ఉంది. సమస్య సంగతి ఇంకా తమాషా. అవధానంలో పృచ్ఛకుడు ఇచ్చే పద్యపాదం సమస్య. మిగతా పాదాలు కట్టి అవధాని దాన్ని పూరిస్తాడు. అంటే సమస్యని విప్పడం, తీర్చడం కాదు, నింపడం. పోలీసులు కేసుని ఛేదిస్తారు, అంటే నరుకుతారు. పాఠ్యపుస్తకంలో సమీకరణాన్ని సాధిస్తారు. ఆ సాధించడమే ఇంట్లో అయితే కోడలికి తెలుస్తుంది అర్థమేమిటో. విప్పడం, తీర్చడం, నింపడం, నరకడం, సాధించడం, ఇన్ని ఉంటే అన్నిటికీ ఒకే సాల్వ్ తగిలించి ఇంగ్లీషులో దింపుతాం. తప్పులు పుట్టేది అక్కడే.

ఆ తప్పుల్లో పిల్లల దగ్గర నేను రోజూ వినేవి కొన్ని చెబుతాను.

మొదటిది మీ మూడో వాక్యంలోదే, డౌట్. మనకి డౌట్ అంటే అర్థంకాని విషయం. సార్‌ని డౌట్ అడుగుతాం, సార్ క్లియర్ చేస్తారు. బయటి ఇంగ్లీషులో డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. "ఐ హ్యావ్ ఎ డౌట్" అని అమెరికా క్లయింటుతో అంటే నా మాట నమ్మడం లేదా అనుకుంటాడు. వాళ్లు దానికి క్వశ్చన్ అంటారు. క్వశ్చన్‌ని సాల్వ్ చేయరు, ఆన్సర్ చేస్తారు. "సాల్వ్ ది క్వశ్చన్ పేపర్" అన్నది మన దేశంలో చెల్లుతుంది. ద్వారకానగర్ పుస్తకాల షాపుల్లో సాల్వ్‌డ్ పేపర్స్ దొంతర్లు దొంతర్లుగా ఉంటాయి. సముద్రం దాటితే చెల్లదు.

రెండోది "సాల్వ్ ది పర్పస్". ఇది చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా అంటారు. "దిస్ కేబుల్ విల్ సాల్వ్ అవర్ పర్పస్." పర్పస్ అంటే ప్రయోజనం. దాంట్లో విప్పాల్సిన ముడి ఏముంది? అక్కడ రావలసింది సర్వ్. సర్వ్ ది పర్పస్. రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉండటంతో ఎవరో ఎప్పుడో పొరబడ్డారు, అది అలా పాకిపోయింది. మా ఆఫీసు నోట్ ఫైళ్లలో నేను కనీసం పాతికసార్లు చూసి ఉంటాను. ఒకట్రెండు నా చేతిరాతలోనే ఉన్నాయి.

మూడోది సిద్ధాంతాలు. లెక్కల్లో ప్రాబ్లమ్‌ని సాల్వ్ చేస్తారు, థీరమ్‌ని ప్రూవ్ చేస్తారు. క్లే ఇన్‌స్టిట్యూట్ 2000లో ఏడు మిలీనియం ప్రాబ్లమ్స్ ప్రకటించి ఒక్కోదానికి పది లక్షల డాలర్లు బహుమతి పెట్టింది. ఇప్పటిదాకా సాల్వ్ అయింది ఒక్కటే, పాయింకరే కంజెక్చర్ (కంజెక్చర్ అంటే ఇంకా రుజువు కాని ఊహ). పెరెల్మాన్ అనే రష్యన్ గణితవేత్త దాన్ని ప్రూవ్ చేసి, ఆ డబ్బు వద్దన్నాడు. ఒకే పనిని ప్రాబ్లమ్ అన్నప్పుడు సాల్వ్ అనీ, కంజెక్చర్ అన్నప్పుడు ప్రూవ్ అనీ అనాలి. పక్కనున్న నామవాచకాన్ని బట్టి క్రియ మారిపోతుంది. పరీక్షలో సింప్లిఫై అని ఉంటే కుదించమని, ఇవాల్యుయేట్ అని ఉంటే విలువ కట్టమని, సాల్వ్ అని ఉంటే తెలియని ఎక్స్‌ని పట్టుకోమని.

నాలుగోది కరెంటు, నీళ్లు, రోడ్లు, సిగ్నల్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. ఆ రోజులు చూసినవాళ్లకి గుర్తుంటుంది, చెట్లు, స్తంభాలు, హోర్డింగులు అన్నీ నేలమీదే. పేటపేటకీ ఒక్కోరోజు కరెంటు వచ్చింది. వచ్చిన వీధిలో జనం పండగ చేసుకున్నారు. అప్పట్లో బెంగళూరులో ఉన్న మా అన్నయ్య కొడుకు "పవర్ ప్రాబ్లమ్ సాల్వ్‌డా చిన్నాన్నా?" అని మెసేజ్ పెట్టాడు. అక్కడ సాల్వ్ చేయడానికి రహస్యమేమీ లేదు. తీగ ఎందుకు తెగిందో ఊరంతటికీ తెలుసు. కావలసింది తిరిగి ఇవ్వడం. దానికి మాట రిస్టోర్. "పవర్ ఈజ్ రిస్టోర్డ్." మీ పేమెంట్ పేజీ కూడా చాలావరకు ఈ జాతిదే, "సర్వీస్ ఈజ్ రిస్టోర్డ్" అని నిక్షేపంగా రాయొచ్చు.

ఇక మీ రెండో వాక్యం, "నౌ ది ప్రాబ్లమ్ సాల్వ్‌డ్". ఇది మాట తప్పు కాదు, వాక్యం కట్టు తప్పు. తెలుగులో మనకి జంటలుంటాయి: తీరింది, తీర్చాను. విడింది, విప్పాను. ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకున్నా దానికీ జంట కట్టేస్తాం: సాల్వ్ అయింది, సాల్వ్ చేశాను. కాబట్టి సమస్య దానంతటదే సాల్వ్ అవడం మన చెవికి సహజంగా ఉంటుంది. ఇంగ్లీషు సాల్వ్‌కి ఆ మొదటి సగం లేదు. ఎవరో ఒకరు చేయాలి, ఏదో ఒకదాన్ని చేయాలి. చేసినవాడి పేరు చెప్పడం ఇష్టం లేకపోతే "ది ప్రాబ్లమ్ వాజ్ సాల్వ్‌డ్" లేదా "హ్యాజ్ బీన్ సాల్వ్‌డ్" అనాలి. ఆ వాజ్, ఆ హ్యాజ్ బీన్ మనం మింగేస్తాం. దానంతటదే పోయిందని చెప్పాలంటే "ఇట్ వెంట్ అవే" అంటారు, లేదా "ఇట్ రిజాల్వ్‌డ్ ఇట్సెల్ఫ్" అంటారు. మాటల్లో చిటికేసి "ప్రాబ్లమ్ సాల్వ్‌డ్!" అనడం ఉంది. అది కుదించిన పలుకుబడి, వంటింట్లో బిగుసుకున్న మూత ఊడి వచ్చినప్పుడు అనుకోవడానికి బావుంటుంది, క్లయింటు మెయిల్‌కి కాదు.

ఇక్కడ రిజాల్వ్ కొంచెం స్వేచ్ఛ తీసుకుంటుంది. డాక్టర్ల ఇంగ్లీషులో జ్వరం, వాపు, న్యుమోనియా ఎవరూ చేయకుండానే రిజాల్వ్ అవుతాయి. డిశ్చార్జి కాగితంలో "ఫీవర్ రిజాల్వ్‌డ్" అని ఉంటే అది సరైన ఇంగ్లీషే, తగ్గిపోయిందని అర్థం. "ఫీవర్ సాల్వ్‌డ్" అని మాత్రం ఏ డాక్టరూ రాయరు.

కాలం సంగతి కూడా ఒకటుంది. సాల్వ్ చివరి క్షణాన్ని చెప్పే మాట. ముడి విడేదాకా అది జరగలేదనే లెక్క. "సాల్వ్ చేస్తున్నాను" అని తెలుగులో హాయిగా అంటాం. దాన్ని "ఐ యామ్ సాల్వింగ్ యువర్ ఇష్యూ" అని దింపితే, ఇంకా తేలని పనికి తేలినంత ధీమా ధ్వనిస్తుంది. వాళ్లు అలాంటప్పుడు "ఐ యామ్ వర్కింగ్ ఆన్ ఇట్" అంటారు, లేదా లుకింగ్ ఇంటూ ఇట్. అడ్రెస్ అన్న మాట ఇంకా తెలివైనది, "వి ఆర్ అడ్రెసింగ్ ది ఇష్యూ" అంటే చూస్తున్నాం అని చెప్పినట్టే ఉంటుంది, ఏమీ మాటివ్వనట్టూ ఉంటుంది. ఆఫీసర్లకి అది చాలా ఇష్టం. మా లాగ్ బుక్కులోని అటెండెడ్ దానికి దగ్గర చుట్టం: వెళ్లాను, చూశాను, వచ్చాను. బాగుపడిందా అని మాత్రం అడక్కండి.

టు, ఫర్ లాంటి విభక్తులతో పెద్ద గొడవ లేదు. మామూలుగా సాల్వ్ తర్వాత దేన్ని సాల్వ్ చేశారో ఆ మాటే నేరుగా రావాలి, మధ్యలో ఇంకేదీ వద్దు. నామవాచకానికి మాత్రం టు వస్తుంది, సొల్యూషన్ టు ది ప్రాబ్లమ్. ఫర్ కూడా వింటాం గానీ ఇంటర్వ్యూలో టు అనడం క్షేమం.

పలుకుబడిలో రెండు చోట్ల మనం దొరికిపోతాం. సాల్వ్‌డ్ ఒకే అక్షరంగా పలకాలి, సాల్వెడ్ కాదు. మనకి మాట చివర హల్లు ఆగదు, ఏదో ఒక అచ్చు తగిలించనిదే నాలుక ఒప్పుకోదు. "వ్"కీ "డ్"కీ మధ్య ఊపిరి పెట్టకుండా రోజుకి పదిసార్లు అనండి, వారంలో వచ్చేస్తుంది. రెండోది, రిజాల్వ్‌లో ఉన్నది స కాదు. తుమ్మెద ఝుంకారం లాంటి ఆ శబ్దానికి తెలుగు అక్షరం లేదు కాబట్టి జ అని రాసుకుంటున్నాం. అక్కడ గట్టిగా రీ-సాల్వ్ అని స పలికితే వేరే అర్థం వస్తుంది, మళ్లీ మొదటినుంచీ సాల్వ్ చేయడం అని. ఆ రాత్రి కన్వేయర్ దగ్గర నేను చేసింది బహుశా అదేనేమో.

ఇక మీ మెయిల్. నేనైతే ఇలా రాస్తాను: "వి హ్యావ్ రిస్టోర్డ్ ది పేమెంట్ పేజ్, అండ్ ఇట్ ఈజ్ వర్కింగ్ నౌ. యువర్ టికెట్ హ్యాజ్ బీన్ మార్క్‌డ్ యాజ్ రిజాల్వ్‌డ్. వి ఆర్ స్టిల్ ఇన్వెస్టిగేటింగ్ ది కాజ్. ప్లీజ్ లెట్ అస్ నో ఇఫ్ యు హ్యావ్ ఎనీ క్వశ్చన్స్." ఐ బదులు వి ఎందుకంటే రాస్తున్నది కంపెనీ తరఫున. మీ మూడు వాక్యాల్లోనూ సాల్వ్ ఉంది, వీటిలో ఒక్కచోటా లేదు. మూడో వాక్యం రాయడానికి చేయి రాకపోవచ్చు, క్లయింటు కంగారు పడతాడేమోనని టెన్షన్ ఉంటుంది. నిజంగానే ఇంకా వెతుకుతూ ఉంటే రాయండి. వెతకడం లేదంటే రాయకండి, మీ టీములో ఆ పని ఎవరిదో కనుక్కుని ప్రాబ్లమ్ టికెట్ ఒకటి విడిగా తెరిపించండి.

ఇంతకీ ఆ సర్వర్ రీస్టార్ట్ చేసిన తర్వాత మళ్లీ ఆగిందా? ఆగి ఉంటే ఎన్నిసార్లు ఆగిందో, ఆ టైములో మెమరీ ఎంత వాడుతోందో లాగ్ చూసి ఇక్కడ రాయండి. సర్వర్ల సంగతి నాకు తెలియదు గానీ, ఇక్కడ తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు.